ఎండ లెక్కలో మనిషి

ఎండకాలం వార్తల్లో "నిన్న 44 డిగ్రీలు" అని చదువుతాం కదా, ఆ 44 ఎండది కాదు, నీడది. తెల్లరంగు వేసి, గాలి ఆడేలా చుట్టూ రెండు వరుసల చెక్కరెక్కలు బిగించిన ఒక పెట్టెలో, నేలకి నాలుగైదు అడుగుల ఎత్తున, ఎండ తగలకుండా దాచిపెట్టిన థర్మామీటరు చెప్పిన మాట అది. ఆ పెట్టెని 1864లో తయారుచేసిన థామస్ స్టీవెన్సన్ లైట్‌హౌసులు కట్టే స్కాట్లండ్ ఇంజనీరు. 'ట్రెజర్ ఐలండ్' రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్‌కి తండ్రి. గాలి ఎంత వేడిగా ఉందో ప్రపంచమంతా ఒకే తీరుగా కొలవాలంటే ఎండని పక్కన పెట్టక తప్పదు. అక్కడిదాకా ఆయన చేసింది సరైన పనే. చిక్కంతా ఆ అంకెని తెచ్చి మనిషి ఒంటికి అంటించడంలో ఉంది.

మాది చిట్యాల. ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లా, 2016 దాకా వరంగల్ జిల్లా. పత్తి, మిరప, వరి పండే ఊళ్ళు. మిరపకాయ ఏరేది ఎండలు ముదిరే రోజుల్లోనే. నేను బతుకుతున్నది సాఫ్ట్‌వేర్ మీద. వాతావరణాన్ని కంప్యూటర్లో నడిపించే మోడళ్ళ గురించి కొన్నాళ్ళుగా సరదాకొద్దీ చదువుతున్నాను. గాలి, తేమ, గోడలు, చెట్లు అన్నీ లెక్కకట్టాక, ఆఖర్న ఈ మోడళ్ళు ఒక మనిషిని తెచ్చి ఎండలో నిలబెడతాయి. "ఇతనికి ఎలా ఉంటుంది?" అని అడుగుతాయి. నాకొచ్చిన ప్రశ్న వేరు: ఇంతకీ ఇతనెవరు?

మనిషికి తగిలే వేడిని తేల్చడానికి నాలుగు సంగతులు కావాలి: గాలి ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం, చుట్టూ ఉన్నవాటి నుంచి ఒంటిమీద పడే రేడియేషన్. ఇవి నాలుగూ వేరువేరని మన భాషకి ఎప్పుడో తెలుసు. వేడి వేరు, ఉక్కపోత వేరు, వడగాలి వేరు, ఎండ వేరు. సాయంత్రం సూర్యుడు వాలిపోయాక కూడా బండరాయి కొట్టేదాన్ని ఎండ అనం, సెగ అంటాం. సైన్సుకి వీటన్నిటినీ కలిపి ఒక్క అంకెగా చెయ్యడానికి చాలా కాలం పట్టింది.

కథ గనుల్లో మొదలవుతుంది. ఇంగ్లండులోని కార్న్‌వాల్ తగరపు గనుల్లో పని పరిస్థితులు చూసిన జె. ఎస్. హాల్డేన్ 1905లో ఒక సంగతి తేల్చాడు. మనిషి తట్టుకోగలడా లేదా అన్నది మామూలు థర్మామీటరు చెప్పదు, దాని బల్బుకి తడిగుడ్డ చుడితే వచ్చే అంకె చెప్తుంది. రంజన్‌లో నీళ్ళు చల్లబడే సూత్రమే ఇది. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి చెమట ఆరకపోతే ఎంత కండబలమున్నా లాభం లేదు. గాలి ఆడని చోట తడిబల్బు 31 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి పని కష్టమైపోతుందని ఆయన లెక్క. (ఈయన కొడుకే జె. బి. ఎస్. హాల్డేన్. 1957లో ఇండియాకి వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.)

ఆ 1957లోనే మన దేశంలో బొగ్గు గనుల నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం పనిచేసే చోట తడిబల్బు 33.5 డిగ్రీలు దాటకూడదు. 30.5 దాటితే సెకనుకి కనీసం 1 మీటరు వేగంతో గాలి ఆడించాలి. అంటే మా పక్కనే భూపాలపల్లిలో సింగరేణి భూగర్భ గనిలోకి దిగే కార్మికుడికి చట్టంలో ఒక తడిబల్బు హద్దు ఉంది. ఆ గని పైన, చేన్లో మిరపకాయలు ఏరే కూలీకి అలాంటి అంకె ఏదీ లేదు.

ఎండని లెక్కలోకి తెచ్చింది అమెరికా సైన్యం. సౌత్ కరొలినాలోని పారిస్ ఐలండ్‌లో మెరైన్ దళంలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు శిక్షణలో వడదెబ్బకి కూలిపోతుంటే, యాగ్లూ, మినార్డ్ అనే ఇద్దరు 1957లో ఒక సూత్రం ఇచ్చారు. ఎండలో ఉంచిన తడిబల్బుకి 70 పాళ్ళు, నల్లరంగు వేసిన రాగి గోళంలోని థర్మామీటరుకి 20 పాళ్ళు, నీడలోని గాలికి 10 పాళ్ళు. దీన్ని డబ్ల్యూబీజీటీ అంటారు. ఒక లెక్క వేసి చూద్దాం. గాలి 42 డిగ్రీలు అనుకోండి. నీడలో గోళం కూడా 42, తడిబల్బు 24 ఉంటే జవాబు 29.4. అదే మనిషి ఎండలోకి వచ్చాడు. గోళం 55, తడిబల్బు 26 అయ్యాయనుకుంటే 33.4. గాలి మారలేదు, వార్తల్లో అంకె మారలేదు, నాలుగు డిగ్రీలు పెరిగింది. ఎండకి అలవాటుపడి, ఒక మాదిరి శ్రమ చేసేవాళ్ళకి అంతర్జాతీయ ప్రమాణం పెట్టిన హద్దు 28.

ఇక్కడి నుంచి లెక్కలోకి ఒక్కో మనిషీ వచ్చి చేరాడు. డెన్మార్క్ ఇంజనీరు ఫాంగర్ 1970లో ఇచ్చిన సమీకరణం వెనక, గదిలో కూచున్న అమెరికన్, డేనిష్ కాలేజీ విద్యార్థులు ఉన్నారు. ప్రపంచంలో ఏసీ ఆఫీసుల ఉష్ణోగ్రతని చాలాకాలం శాసించింది వీళ్ళే. అమెరికా వాతావరణ శాఖ వాడే హీట్ ఇండెక్స్‌కి ఆధారం 1979 నాటి స్టెడ్‌మన్ పని. అందులో 170 సెంటీమీటర్ల ఎత్తు, 67 కిలోల బరువున్న మనిషి పొట్టి చేతుల చొక్కా, ప్యాంటు వేసుకుని, చిన్న గాలి వీస్తుంటే, నీడలో నడుస్తుంటాడు. నేరుగా ఎండలో ఉంటే ఈ సూచీకి 8 డిగ్రీల దాకా కలపాల్సి రావచ్చని ఆ శాఖే చెప్తుంది. మన వాతావరణ శాఖ 2023లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన హీట్ ఇండెక్స్ కూడా ఉష్ణోగ్రతనీ తేమనీ కలిపేదే. జర్మన్లయితే తమ మనిషికి పేరే పెట్టుకున్నారు, 'క్లిమా మిషెల్'. వయసు 35, ఎత్తు 175 సెంటీమీటర్లు, బరువు 75 కిలోలు, మగవాడు.

ఈ వరుసలో మనవాళ్ళూ లేకపోలేదు. రూర్కీలోని భవన పరిశోధన సంస్థకి చెందిన శర్మ, అలీ 1986లో భారతీయుల మీద పరిశీలనలు చేసి 'ట్రాపికల్ సమ్మర్ ఇండెక్స్' ఇచ్చారు. మనకి ఇంకా దగ్గరిది, 2008లో ఆర్కిటెక్ట్ మాధవి ఇంద్రగంటి హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో చేసిన సర్వే. ఇళ్ళలో ఉంటున్నవాళ్ళనే ఎలా ఉందని అడుగుతూ, పక్కనే కొలతలు తీసుకున్నారు. మన జాతీయ భవన నిబంధనలు 23 నుంచి 26 డిగ్రీలు హాయి అంటే, హైదరాబాద్ జనం సుమారు 26 నుంచి 32.5 దాకా పర్వాలేదన్నారు. ఫ్యాను వేసుకుంటారు, కిటికీ తీస్తారు, పల్చటి బట్టలు కడతారు. హాయి అన్నది గదిలో మాత్రమే లేదు, మనిషి చేసుకునే సర్దుబాట్లలో కూడా ఉంది. అలాగని, జనం ఎంత వేడికైనా అలవాటుపడతారని ఈ సర్వేని చదవకూడదు. సర్దుకునే వెసులుబాటు ఉన్నవాళ్ళే సర్దుకోగలరు. పొద్దుగూకే లోపు మడి పూర్తిచెయ్యాల్సిన కూలీ చేతిలో ఏ కిటికీ ఉంది?

ఇప్పటి మోడళ్ళు చాలా ముందుకెళ్ళాయి. జర్మనీలో పుట్టిన పాల్మ్ లాంటి మోడల్ వీధివీధికీ గాలిని లెక్కకట్టి, ఆకాశం, గోడలు, నేల నుంచి ఒంటిమీద పడే రేడియేషన్‌నంతా కూడి, యూటీసీఐ వంటి సూచీలు ఇస్తుంది. యూరప్‌ శాస్త్రవేత్తల చొరవతో, ఎన్నో దేశాలవాళ్ళు కలిసి 2009 నాటికి సిద్ధం చేసిన సూచీ అది. చాలా గొప్ప పని. అయితే అందులోని మనిషి గంటకి 4 కిలోమీటర్ల చొప్పున నడుస్తుంటాడు. అతని బట్టలు యూరప్ నగరవాసుల అలవాట్లని బట్టి రాసిన సూత్రంతో మారతాయి, వేడి పెరిగేకొద్దీ తగ్గుతాయి. మా దగ్గర తలకిందులు. ఎండ పెరిగేకొద్దీ చీర మీద పాత ఫుల్ చేతుల చొక్కా, తలకి తువ్వాల వచ్చి చేరతాయి. ఎండ తగలకుండా కప్పుకున్నదే చెమట ఆరకుండా అడ్డుపడుతుంది కూడా.

భంగిమ సంగతి ఇంకా విచిత్రం. మోడళ్ళలో మనిషి మామూలుగా నిటారుగా నిలబడి ఉంటాడు. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తే నిలబడ్డవాడి మీద నేరుగా పడే ఎండ నిజానికి తక్కువ, తలా భుజాలూ అంతే. అదే సమయంలో వంగి కాయ ఏరే ఆడమనిషికి వీపంతా సూర్యుడి వైపే ఉంటుంది. ఎండ ఒకటే, ఒంటి జ్యామితి వేరు. అతినీలలోహిత కిరణాల లెక్కలోనూ ఇదే గొడవ. ఏ కోణంలో, ఎంత ఒళ్ళు బయటికి ఉందన్నదే ముఖ్యం. ఇంత ఎండ కాసే మన నేలమీద, తిరుపతి చుట్టుపక్కల చేసిన అధ్యయనాల్లో డి విటమిన్ లోపం అంత విస్తారంగా కనిపించడం ఊరికే కాదు.

ఇదంతా అంకెల ముచ్చట కాదు. 2015 వడగాలుల్లో దేశంలో 2,000 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది రెండు తెలుగు రాష్ట్రాలవాళ్ళే. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకి 4 లక్షల పరిహారం నిర్ణయించింది. మంచి నిర్ణయమే. కాకపోతే అది మనిషి పోయాక ఇచ్చేది. గనిలో తడిబల్బు హద్దు మనిషి బతికుండగా పని ఆపించేది. ఈ రెంటికీ మధ్య తేడా ఒక్క అంకె, ఆ అంకె ఎవరి ఒంటిమీద కొలిచారన్న సంగతి.

ప్రోగ్రామర్‌గా నాకొక ధైర్యం ఉంది. 35 ఏళ్ళు, 75 కిలోలు, నిలబడ్డ మగవాడు అన్నవి ప్రకృతి నియమాలు కావు, ఎవరో ఒక వరుసలో టైపు చేసిన విలువలు. పాల్మ్ లాంటి వాటి కోడ్ అందరికీ అందుబాటులోనే ఉంది. 45 కిలోల బరువు, వంగిన నడుము, చీర మీద చొక్కా, తలకి తువ్వాల, ఏప్రిల్ నెల మిరపచేను. ఈ మనిషిని కొలిచి ఆ వరుసలో రాయడానికి కావలసినవి ఒక నల్లగోళం, రెండు థర్మామీటర్లు, ఆమెని అడిగే ఓపిక. హాల్డేన్ గనిలోకి దిగినట్టు, ఎవరో ఒకరు చేన్లోకి దిగాలి.