ఫీలే ద్వీపమున ఇసిస్ దేవి: కడపటి అర్చకులు



ఈజిప్టుదేశమున ఆస్వాన్ పట్టణమునకు ఎగువన, నైలునది నడుమ, ఫీలే అను చిన్న ద్వీపముండెడిది. అచ్చటి అధిదేవత ఇసిస్. ఈ పేరు గ్రీకుల నోట పడి మారినది. ఆ దేశపు చిత్రలిపిలో ఆమె నామమును సింహాసన చిహ్నముతో వ్రాసెడివారు. శిల్పములలో ఆ సింహాసనమే ఆమె శిరస్సుపై కనబడును. లలితాసహస్రనామమును పఠించువారికి సింహాసనేశ్వరీ నామము చప్పున స్ఫురించును గాని, పోలిక కనబడినంతనే సంబంధము కల్పించుట పండితలక్షణము కాదు. ఆమె కథ ఆ దేశముదే.

ఆమె భర్తయగు ఒసిరిస్‌ను తమ్ముడు సేత్ వధించి, దేహమును ఖండించి నలుదిక్కుల వెదజల్లెను. ఇసిస్ ఆ ఖండములను వెదకి కూర్చి, మంత్రబలముచే భర్తను మేల్కొలిపి, హోరస్ అను కుమారుని కని, రెల్లుపొదలలో దాచి పెంచెను. ఒసిరిస్ మృతలోకమునకు రాజయ్యెను. ఫీలేకు ఎదుటనున్న బిగా ద్వీపమున ఆయన సమాధి కలదని భక్తుల విశ్వాసము. ప్రతి పదిదినములకు ఒకమారు దేవి మూర్తిని పడవపై అచ్చటికి వేంచేపు చేసి, పాలతో తర్పణము విడిచెడివారు. పతిని పోగొట్టుకొన్న దేవి తానే పోయి పాలుపోయుట! ఆ ఆచారమును తలచినపుడు మనసు కరగును.

క్రీ.శ. 391, 392 సంవత్సరములలో రోమన్ చక్రవర్తి థియోడోసియస్ ప్రాచీన దేవతారాధనను నిషేధించెను. తక్కిన ఆలయములు ఒక్కొక్కటిగా మూతపడినను ఫీలేలో పూజ సాగెను. దక్షిణమున బ్లెమ్మీలు, నోబడేలు అను జాతులవారు దేవికి పరమభక్తులు. సుమారు 453లో రోమనులు వారితో సంధి చేసికొనుచు, ఫీలేకు యాత్ర వచ్చుటకును, దేవి విగ్రహమును కొంతకాలము తమ సీమకు తీసికొనిపోయి మరల తెచ్చుటకును అనుమతినిచ్చిరి.

394వ సంవత్సరము ఆగస్టు 24న ఎస్మెత్-అఖోమ్ అను అర్చకుడు ఆలయద్వారపు గోడపై, తన వ్రాత శాశ్వతముగా నిలువవలెనని కోరుచు, చిత్రలిపిలో చెక్కెను. తేదీ తెలిసిన చిత్రలిపి శాసనములలో కడపటిది అదే. వ్యవహారలిపిలోని కడపటి లేఖనము కూడ ఫీలేలోనిదే; అది 452 నాటిది. సుమారు 537లో జస్టీనియన్ చక్రవర్తి ఆజ్ఞచే సేనాని నార్సెస్ ఆలయమును మూయించి, అర్చకులను చెరపట్టి, విగ్రహములను కాన్‌స్టాంటినోపుల్‌కు పంపెను. ఆలయము చర్చిగా మారెను.

ఇచ్చట గమనింపవలసినది ఒకటి కలదు. గోడలు కూలలేదు, వానిపై స్తోత్రములు చెక్కినవి చెక్కినట్లే యున్నవి. చదువువారే పోయిరి. 1822లో షాంపోలియన్ అను ఫ్రెంచి పండితుడు ఆ లిపి గుట్టు విప్పువరకు, సుమారు పదునాలుగు శతాబ్దములు, అవి మూగరాళ్ళు. ఆయనకు క్లియోపాత్రా నామమును గుర్తించుటకు తోడ్పడినది ఫీలే నుండి ఇంగ్లండుకు తరలించిన స్తంభమే. అర్థము తిరిగి దొరకినది. ఉచ్చారణ సంగతి వేరు. ఆ లిపిలో అచ్చులు వ్రాయరు. ఈజిప్టు క్రైస్తవుల కోప్టిక్ భాషలో మిగిలిన పదములనుబట్టి కొంత ఊహింపవచ్చును గాని, ఆ స్తోత్రములను ఏ స్వరమున పాడిరో చెప్పగలవారు లేరు. పదము, క్రమము, జట, ఘన యని గురుముఖమున ఏండ్లతరబడి వల్లించినవారికి ఈ నష్టమెంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు. శిష్యుడు లేని గురువు ఒక్క తరమున మరణించిన చాలును.

రాళ్ళకు మాత్రము రక్షకులు దొరకిరి. 1902లో ఆస్వాన్ వద్ద తొలి ఆనకట్ట కట్టినపిదప ఆలయము ఏటేట నెలలతరబడి నీట మునిగెడిది. రెండవ పెద్ద ఆనకట్ట వచ్చినపుడు యునెస్కో పూనికపై, 1972 మొదలు 1980 వరకు, సుమారు 40,000 రాళ్ళుగా విడదీసి సమీపమున ఎత్తైన అగిల్కియా ద్వీపమున యథాతథముగా నిలిపిరి. యాత్రికులు నేటికిని పడవలపైననే పోవుచుందురు. గర్భాలయమున దేవి పడవను నిలుపు శిలాపీఠము కలదు. దానిపై మూర్తి లేదు.