ఖాళీ చెయ్యడానికి కట్టిన చెరువు

మస్కట్‌లో ఉన్న రోజుల్లో శుక్రవారం వచ్చిందంటే పులిహోర కట్టుకుని అల్ ఖూద్ ఆనకట్టకి బయల్దేరేవాళ్ళం. ఒకసారి మా అమ్మ కూడా వచ్చింది. మాది పోరుమామిళ్ళ పక్క ఊరు. కట్ట ఆ కొసనుంచి ఈ కొసదాకా చూసి, "ఇంత కట్ట ఏసినారు, చుక్క నీళ్ళు లేవేందిరా?" అంది.

నాకూ తెలియదప్పుడు. తర్వాత తెలుసుకున్నాను. అది 1985లో ప్రభుత్వం కట్టిన మట్టికట్ట. (సొంతదారులుండేది అక్కడి ఫలజ్ కాలవల నీటిలో, కుటుంబాలవారీగా వాటాలు, వంతులు.) పొడవు 5 కిలోమీటర్ల పైచిలుకు, ఎత్తు 11 మీటర్లు. హజర్ కొండల్లో వాన పడితే ఎండిపోయిన వాదీ ఒక్కసారిగా పొంగి, నీరంతా సముద్రం పాలయ్యేది. ఇటు బాతినా తీరంలో పంపులతో తోడీ తోడీ, బావుల్లోకి ఉప్పునీరు చొచ్చుకొచ్చింది. అందుకని వరదని కట్ట దగ్గర నిలిపి, బురద తేరాక, తేటనీటిని మెల్లగా దిగువకి వదులుతారు. అది గులకరాళ్ళలోంచి నేలలోకి ఇంకుతుంది. నీళ్ళు నిలవుంటేనే అక్కడ దండగ!

మా పోరుమామిళ్ళ చెరువు అలా కాదు. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించింది. వెయ్యిమంది కూలీలు, నూరు బళ్ళు, రెండేళ్ళ పని అని 1369 నాటి శాసనం చెబుతుంది. మంచి చెరువుకి పన్నెండు అంగాలు, ఆరు దోషాలు కూడా లెక్కపెట్టింది. కట్ట కారడం దోషం. చవుడు నేల దోషం. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడమూ దోషమేనట (కృష్ణా నీళ్ళ తగువులు చూశాక కాదనగలమా?). ఆ చవుటికి భయపడే ఒమాన్‌వాళ్ళూ కట్ట వేశారు.

ఆరోజు మేం కట్టకి ఎగువన, వాదీ ఇసకలో చాప పరిచాం. మా నెత్తిన ఎండ. దూరంగా కొండల మీద మాత్రం మబ్బు. ఒక ఒమానీ పెద్దాయన బండి ఆపి, చేతులూపుతూ "యల్లా, యల్లా" అని కేకలేశాడు. ఏదో నిషేధమేమో అనుకున్నాను. అమ్మకి అరబ్బీ ఒక్క ముక్క రాదు, అయినా ఆయన చూపు కొండలవైపుందని ముందు కనిపెట్టింది తనే. పిల్లల్ని రెక్కపట్టుకుని గట్టెక్కించింది. ఇంకో పావుగంటకి ఎర్రటి నీరు వచ్చింది. 2007 జూన్‌లో గోనూ తుపానుకి ఒమాన్‌లో యాభైమంది దాకా పోయారని విన్నప్పుడు, నాకు ముందుగా ఆ పెద్దాయనే గుర్తొచ్చాడు.

చాపా, పులిహోర గిన్నే వాదీలోనే పోయాయి. గిన్నె కడప నుంచి తెచ్చిందని అమ్మ చాన్నాళ్ళు సణిగింది.