బందగీ భూమి, బిడ్డల వాటా

జనగామ ప్రాంతపు భూపోరాటం గురించి రాసేవాళ్లంతా షేక్ బందగీ దగ్గర ఒక్కసారి ఆగుతారు. కామారెడ్డిగూడెం రైతు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషుల చేతుల్లో 1940ల మొదట్లో హతమైనవాడు. 'మాభూమి' నాటకానికి ప్రేరణ అయినవాడు. మేమూ ఆయన్ని అట్లనే చెప్పుకుంటూ వచ్చాం. తెలంగాణ తురకోళ్లంతా నవాబుల వారసులే అనేవాళ్ల నోళ్లు మూయించడానికి ఆ ఒక్క పేరు చాలు మరి.

అయితే ఆ తగాదా ఎక్కడ మొదలైందో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అది అన్నదమ్ముల పంపకాల తగాదా. పంచుకున్న భూమి మీద అన్న మళ్లీ హక్కు అడిగాడు. దేశ్‌ముఖ్ అన్న పక్షాన నిలిచాడు. బందగీ కోర్టుకెక్కాడు, గెలిచాడు. గెలిచాకే చంపారు. ఇంట్లో తెగని లెక్క గడీ చేతికి ఎట్లా చిక్కుతుందో ఆ కథ చెబుతుంది. గడీలు పోయినయ్. లెక్కలు ఇంకా తెగలేదు.

అన్నదమ్ముల వాటా కోసం నెత్తురు చిందిన ఈ నేల మీద అక్కాచెల్లెళ్ల వాటా గురించి మేం ఎన్నడు మాట్లాడాం? షరీయత్ లెక్క స్పష్టమే. మూడెకరాలు, అంటే 120 గుంటలు వదిలి ఒకాయన చనిపోయాడనుకోండి. భార్య, ఒక కొడుకు, ఒక బిడ్డ ఉన్నారు. భార్యకు ఎనిమిదో వంతు, 15 గుంటలు. మిగిలిన 105లో కొడుక్కి 70, బిడ్డకు 35. దీనికన్నా ముందు కఫన్ దఫన్ ఖర్చు, అప్పులు తీరాలి. భార్యకు ఇవ్వని మెహర్ కూడా అప్పే. మహబూబాబాద్ పల్లెల్లో ఆ 35 గుంటలు అడిగిన ఆడబిడ్డను పుట్టింటివాళ్లు ఎట్లా చూస్తారో మాకు తెలుసు. పెళ్లి చేశాం కదా అంటారు. పెళ్లి ఖర్చు వాటా ఎట్లయితది? ఆమె 'మాఫ్' చేసిందంటారు. తండ్రి బతికుండగా వదులుకున్నానన్న మాటకు ముస్లిం లాలో విలువ లేదు. అయితే బదులుగా సొమ్ము తీసుకున్నవాళ్లు తర్వాత వాటా అడగలేరని 1973లో సుప్రీంకోర్టు అన్నది. అన్నలు పట్టుకునేది దాన్నే.

స్త్రీల హక్కును మింగిన ఆచారాలను తొలగించడానికే 1937లో షరీయత్ చట్టం తెచ్చారు. అందులోంచి వ్యవసాయ భూమిని మాత్రం తప్పించారు. భూస్వాములకు అంతకన్నా ఏం కావాలి! మద్రాసు రాష్ట్రం 1949లో ఆ మినహాయింపును తీసేసింది.

భూపాలపల్లిలో భూమి సంగతి వేరు, అక్కడ బొగ్గుబావి జీతం. బ్యాంకు కాగితంలో నామినీగా ఉన్న కొడుకు, పైసలన్నీ నావే అనుకుంటాడు. నామినీ డబ్బు తీసుకోవచ్చుగానీ దానికి యజమాని కాడని, అది వారసులందరిదని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. తల్లి, చెల్లెళ్లు అడగవచ్చు.

ఇక వసీయత్. దాంతో బిడ్డను తప్పించి ఆస్తంతా కొడుక్కి రాసేద్దామనుకుంటే కుదరదు. రాయగలిగింది మూడో వంతే, అదీ వారసుడు కానివాళ్లకు. వారసుడికే రాస్తే మిగతా వారసులు ఒప్పుకోవాలి, ఆ ఒప్పుకోలు కూడా రాసినాయన చనిపోయాకే.

ఆ మూడో వంతు అసలు అక్కరకొచ్చే చోటు ఒకటుంది. తాత బతికుండగానే తండ్రి చనిపోయిన పిల్లలు. వాళ్ల పెదనాన్నో చిన్నాన్నో ఉంటే తాత ఆస్తిలో వాళ్లకు ఏమీ రాదు. ఈజిప్టు 1946లో ఇట్లాంటి మనవలకు వసీయత్ తప్పనిసరి చేసింది. పాకిస్తాన్ 1961లో తండ్రి వాటానే ఇప్పించింది. మన దగ్గర అట్లాంటి చట్టం లేదు, తాతే పూనుకోవాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ముస్లిం లాలో నోటిమాట వసీయత్ కూడా చెల్లుతుంది. కానీ ఆ నోటిమాటను రేపు చిన్నాన్న ఎదురుగా కోర్టులో రుజువు చేయాల్సింది ఆ అనాథ పిల్లలే.