గోడను పట్టుకున్న పలక

ఆషాఢం దగ్గరపడుతోందంటే తమిళనాడులోని హరూర్‌లో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు ఒకటే తొందర. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మన ఆషాఢమూ అడ్డే, దాని వెనకే వచ్చే తమిళుల ఆడి నెలా అడ్డే. ఆలోపు కొత్తింట్లో పాలు పొంగాలి. కరెంటు పని, తలుపులు, రంగులు ఒక్కొక్కటిగా పూర్తవుతుంటే వంటింటి గోడ, స్నానాల గది గోడ చివరికి మిగులుతాయి. టైల్స్ మేస్త్రీ రసమట్టం పట్టుకుని వచ్చేది అప్పుడే. అతను చేసే పనికి నాలుగున్నర వేల ఏళ్ల చరిత్ర ఉంది. పలక గోడను ఎలా పట్టుకుంటుందన్న ప్రశ్న ఆ చరిత్ర పొడుగునా వినిపిస్తూనే ఉంటుంది.

క్రీస్తుపూర్వం 2650 ప్రాంతంలో ఈజిప్టు రాజు జోసెర్ కోసం సక్కారాలో మెట్ల పిరమిడ్ కట్టారు. దాని కింద, నేల లోపలి గదుల గోడలకు నీలం, ఆకుపచ్చ కలిసిన మెరుగు పలకలు వేలకొద్దీ అతికించారు. చూడ్డానికి రెల్లు చాపలు కట్టినట్టుండాలని వాళ్ల కోరిక. ప్రతి పలక వెనకా చిన్న బుడిపె, దానికో రంధ్రం. అందులోంచి తాడు పోనిచ్చి కట్టి, గచ్చులో నిలిపారు. ఈనాటి టైల్ వెనక కనిపించే గీతలు, గళ్లు కూడా గచ్చుకు పట్టు దొరకడం కోసమే.

ఆ తర్వాత బాబిలోను, ఇరాన్, మధ్య ఆసియా. అక్కడి నుంచి ఈ విద్య దక్కనుకు చేరింది. బీదర్‌లో 1472 నాటి మహమూద్ గవాన్ మదరసా ముఖభాగంలో ఇప్పటికీ ఆ రంగులు మిగిలి ఉన్నాయి. అదే ఊరి కోటలోని రంగీన్ మహల్లో పలకలు గది లోపలి గోడల మీదికీ వచ్చాయి.

తెలుగు నేల మీద ఈ కళ శిఖరం చేరిన చోటు హైదరాబాద్‌లోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానా. 1591లో నగరానికి పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్ షా, చార్మినార్ తర్వాత కొద్ది ఏళ్లకే, మొహర్రం సంతాపానికి దీన్ని కట్టించాడు. లోపలి పలకల పనిలో కొంత 1611 నాటిదని చెబుతారు. బయట ఎత్తైన కొయ్య స్తంభాల మండపం అసఫ్ జాహీల కాలంలో చేర్చింది. దాన్ని దాటి లోపల అడుగు పెట్టినవాళ్లెవరైనా ఒక్క క్షణం ఆగిపోతారు. గోడ నిండా పీర్ల ఆకారాలు, షట్కోణాలు, అల్లుకుపోయిన లతలు కనిపిస్తాయి. ఇరాన్ కట్టడాల్లో నీలానిది పెత్తనం. ఇక్కడ నీలం పక్కన ఆవపిండి పసుపు, గోధుమ రంగు, ఆకుపచ్చ సరిసమానంగా నిలిచాయి. పద్ధతి పర్షియాది, రంగుల రుచి దక్కనుది.

రంగు ముక్కలు పేర్చే ఈ మొజాయిక్ పని వెనక ఓపిక అంతా ఇంతా కాదు. ఒక్కో రంగు మెరుగు ఒక్కో వేడి దగ్గర పక్వానికి వస్తుంది. అన్నిటినీ ఒకే పలక మీద పూసి కాలిస్తే కొన్ని మాడతాయి, కొన్ని పచ్చిగా మిగులుతాయి. అందుకే ఏ రంగు పలకను ఆ రంగుకు తగ్గ వేడిలో విడిగా కాల్చేవారు. తర్వాత ఉలితో ఆకులుగా, రేకులుగా చెక్కి, ముఖం కిందికి పెట్టి పక్కపక్కన పేర్చి, వీపు మీద గచ్చు పోసేవారు. అది గట్టిపడ్డాక మొత్తం అచ్చును ఎత్తి గోడకు నిలిపేవారు. పనివాడికి పని జరుగుతున్నంతసేపూ కనిపించేది వెనకవైపే. ముఖం ఎలా వచ్చిందో గోడకెక్కాకే తెలుస్తుంది.

1687లో గోల్కొండ మొగలుల వశమయ్యాక ఆషూర్‌ఖానా హాలును బండ్లు నిలిపే చోటుగా వాడారంటారు. నిజాం అలీ ఖాన్ కాలంలో దానికి మళ్లీ ఆదరణ దొరికింది. 1908 సెప్టెంబరు 28న మూసీ నగరం మీద పడినప్పుడు గోడల కిందిభాగంలో పలకలు దెబ్బతిన్నాయి. పోయినచోట అదే నమూనాను రంగులతో చిత్రించారు. దగ్గరికెళ్లి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. పైన నాలుగు వందల ఏళ్ల పలక ఇంకా మెరుస్తూంటే, కింద దాని తర్వాత వేసిన రంగు వెలిసిపోయింది.

సామాన్యుడి ఇంటికి టైల్ రావడానికి యంత్రం కావాల్సి వచ్చింది. 1840లో ఇంగ్లండ్‌లో రిచర్డ్ ప్రోసర్ పొడిమట్టిని ఒత్తిడితో అచ్చువేసే పద్ధతికి పేటెంట్ పొందాడు. మింటన్ కంపెనీ ఆ పద్ధతిలో ఒకే కొలత టైల్స్ రాశులుగా తీసింది. వాటిలో కొన్ని ఓడలెక్కి చెట్టినాడు మేడల దాకా వచ్చాయి. 1958లో హెచ్ అండ్ ఆర్ జాన్సన్ మన దేశంలో తయారీ మొదలుపెట్టాక తెల్లటి గ్లేజ్డ్ టైల్ ఆస్పత్రుల్లోకి, తర్వాత ఇళ్లలోకి నడిచింది.

అక్కడి నుంచి కథ ఒక దారిన సాగదు. గోదావరి ఒడ్డున యానాంలో రీజెన్సీ సిరామిక్స్ తెలుగువాళ్ల సొంత టైల్‌గా పేరు తెచ్చుకుంది. 2012 జనవరి 27న కార్మిక వివాదం హింసగా మారి ప్రాణాలు పోయాయి, ఫ్యాక్టరీ మూతపడింది. గుజరాత్‌లోని మోర్బీ దేశం మొత్తానికీ టైల్స్ పంపే ఊరైంది. కొలతలు ఎనిమిది పన్నెండు అంగుళాల నుంచి రెండు నాలుగు అడుగులకు పెరిగాయి.

పలక గోడను ఎలా పట్టుకుంటుందన్న పాత ప్రశ్న మాత్రం తిరిగొచ్చింది. మామూలు సిరామిక్ గోడ టైల్ తన బరువులో పది శాతానికి పైగా నీరు పీలుస్తుంది. అందుకే నీళ్లలో నానబెట్టి సిమెంటుతో అతికిస్తే పట్టు దొరుకుతుంది. విట్రిఫైడ్ టైల్ అర శాతం కూడా పీల్చదు. దానికి సిమెంటు పాలు సరిపోవు, టైల్ అడెసివ్ కావాలి. 1956లో అమెరికాలో హెన్రీ రోత్‌బర్గ్ లాటిక్రీట్‌తో మొదలుపెట్టిన పల్చటి పూతల దారి ఇదే. మన దగ్గర వీటికి ఐఎస్ 15477 ప్రమాణం ఉంది. ముహూర్తం తొందరలో మేస్త్రీ నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి టైల్ నొక్కేస్తే మధ్యలో డొల్ల మిగులుతుంది. వేలితో తడితే ఆ చప్పుడు తెలిసిపోతుంది. నీరు చేరేదీ, టైల్ ఊడేదీ అక్కడే.

హరూర్ అయినా, అనంతపురం అయినా, గోడ ప్లాస్టరింగ్ బాగా తడిసి ఆరేదాకా మేస్త్రీని తొందరపెట్టకండి. టైల్ కొనేటప్పుడు రంగుతో పాటు అది ఎంత నీరు పీలుస్తుందో అడగండి. చార్మినార్ చూడ్డానికి వెళితే మదీనా వైపు కొద్ది దూరం నడిచి ఆ ఆషూర్‌ఖానా చూసి రండి, పిల్లల్నీ తీసుకెళ్లండి. మిగిలిన ఆ పలకల్లో ఒక్కటి కూడా ఇక రాలకుండా కాపాడుకోవాల్సిన బాధ్యత ప్రభుత్వానిదీ, మనదీ.