సింగారపు పెట్టె: తోలు, తాళం, తంగేడు

అత్తరు సీసాలు, దువ్వెనలు, అద్దం, గోళ్ల కత్తెర వంటి సామాను సర్దుకుని ప్రయాణంలో వెంట ఉంచుకునే పెట్టె 18వ శతాబ్దం నాటికే ఐరోపా సంపన్నుల ఇళ్లలో స్థిరపడింది. ఫ్రెంచివారు దాన్ని నెసెసేర్ అన్నారు, అంటే అవసరమైనది అని. ఇంగ్లీషువారికి అది డ్రెస్సింగ్ కేస్. వానిటీ కేస్ అన్న పేరు 20వ శతాబ్దంలో వాడుకకెక్కింది. అవసరమైనది అని పేరు పెట్టుకున్నవారిలో దాన్ని స్వయంగా మోసినవారు తక్కువే. బండి ఎక్కించడానికి ఒకడు, దించడానికి ఒకడు ఉండేవారు కనుక బరువు ఎవరికీ పట్టలేదు. చెక్క, తోలు, వెండి, గాజు అన్నీ ఒకే పెట్టెలో చేరడానికి ఆ ధీమాయే కారణం.

ఫ్రాన్సు రాణి మరీ ఆంత్వానెత్‌కు ఇలాంటి పెట్టె మీద ఎంత మక్కువంటే, ప్రాణాలు దక్కించుకోవడానికి పారిస్ విడిచి పారిపోవాలని రహస్యంగా ఏర్పాట్లు చేసుకుంటున్నప్పుడు కూడా దాన్ని వదులుకోలేకపోయింది. పెట్టె కదిలితే అనుమానం వస్తుందని పరిచారిక కాంపాన్ హెచ్చరించింది. బ్రస్సెల్స్‌లో ఉన్న అక్కకు కానుక అన్న సాకుతో అచ్చంగా అలాంటిదే మరొకటి చేయమని పురమాయించారు. అది సమయానికి తయారు కాలేదు. చివరికి రాణి సొంత పెట్టెనే పంపించారు. కొలువులోని ఒక స్త్రీ ఈ సన్నాహాల సంగతి అధికారుల చెవిన వేసింది. 1791 జూన్‌లో రాజకుటుంబం వరెన్ దగ్గర పట్టుబడటానికి కారణాలు వేరే చాలా ఉన్నాయి కానీ, ఉప్పందినవాటిలో ఈ పెట్టె కూడా ఒకటి. ఈ కథ కాంపాన్ స్వయంగా రాసుకున్న జ్ఞాపకాల్లో ఉంది. ఫ్రెంచి విప్లవం పెట్టె మోజును చంపలేదు. కొద్దికాలానికే పారిస్‌లో మార్తాఁ గియోమ్ బియెన్నే అనే పనివాడు నెపోలియన్‌కు, అతని సేనానులకు నెసెసేర్లు చేసి పెద్దవాడయ్యాడు.

రాజుల పెట్టెలకు పేర్లు మిగిలాయి. మామూలు ప్రయాణపు పెట్టెలు చేసినవారికి మిగిలింది వృత్తిపేరు మాత్రమే. పారిస్‌లో పెట్టెలు చేయడమూ, వాటిలో సామాను సర్ది కట్టడమూ వృత్తులుగా ఉండేవి. ధనిక స్త్రీల గౌన్లు నలగకుండా పెట్టెలో అమర్చడం ఒక పనితనం. దానికి కూలి ఇచ్చి మనిషిని ఇంటికి పిలిపించుకునేవారు. 1821లో జూరా కొండల్లోని ఆన్షే పల్లెలో పుట్టిన లూయీ వుయితోఁ కుర్రతనంలోనే కాలినడకన పారిస్ చేరి ఈ సర్దే పనిలోనే శిష్యరికం చేశాడు. 1854లో సొంత దుకాణం తెరిచాడు. గుర్రపు బగ్గీ వెనక వర్షంలో తడిసే పెట్టెలకు నీరు జారిపోయేలా గుమ్మటం మూత ఉండేది. రైలు, ఆవిరి ఓడ వచ్చాక పెట్టె మీద పెట్టె పేర్చవలసి వచ్చింది. అందుకని 1858లో వుయితోఁ బల్లపరుపు మూత పెట్టెలు తెచ్చాడు. వాటికి పాప్లర్ చెక్క మీద తోలుకు బదులు బూడిదరంగు కేన్వాసు అంటించాడు. ఆ తరవాత తోలు సరుకుకు మారుపేరైన ఈ సంస్థ పేరు తెచ్చుకున్నది ముందు గుడ్డతోనే అన్న సంగతి చాలామంది గమనించరు.

చిన్న పెట్టెలకు మాత్రం తోలే నిలిచింది, వాటిలో లండన్ వారిది పైచేయి. 1781లో మొదలై తరవాత న్యూ బాండ్ వీధికి చేరిన ఆస్ప్రే దుకాణం డ్రెస్సింగ్ కేసులకు పేరుపొందింది. మంచి పెట్టెకు బ్రామా తాళం ఉండటం ఆనవాయితీ. జోసెఫ్ బ్రామా 1784లో పేటెంటు తీసుకున్న ఈ తాళాన్ని తెరిచినవారికి 200 గినీలు ఇస్తామని దుకాణం కిటికీలో ప్రకటన పెట్టారు. 1851లో, లండన్ మహా ప్రదర్శన ఏడాది, హాబ్స్ అనే అమెరికన్ తాళాల పనివాడు పదహారు రోజుల వ్యవధిలో మొత్తం 51 గంటలు కుస్తీపట్టి దాన్ని తెరిచాడు. అప్పటికి ఆ సవాలు అరవై ఏళ్లకు పైబడినది. చీలలతో, బందులతో ఉన్న పెట్టెను దొంగ ఎలాగూ మొత్తంగానే ఎత్తుకుపోతాడు. తాళం అసలు కాపలా పెట్టింది పెట్టె మోసే నౌకర్ల మీద.

పెట్టె పుట్టుక చెక్కతో మొదలవుతుంది. పలచని పలకలతో గూడు కట్టి, దాని కొలతకు తోలు కోస్తారు. పశువు వీపు భాగం గట్టిగా, ఒకే మందంగా ఉంటుంది. పొట్ట తోలు సాగిపోతుంది కనుక పక్కన పెడతారు. మడత పడే చోట లోపలి వైపు కత్తితో చెక్కి పలచన చేయకపోతే మూల ఉబ్బెత్తుగా లేస్తుంది. పనితనం బయటపడేది ఇక్కడే: ఒక్క గీత లోతుగా పడితే తోలు కొన్నేళ్లకు అదే చోట చిట్లుతుంది. కుట్టు అంచున పళ్ల ఇనుముతో గుర్తులు కొడతారు, అంగుళానికి 8 నుంచి 10 వరకు. తెలుగు ఊళ్లలో చెప్పులు కుట్టేవారి ఆరెకు మొనలో కొక్కెం ఉంటుంది, దారాన్ని లాగడానికి. పెట్టెల పనిలో వాడే ఆరెకు కొక్కెం ఉండదు. అది రంధ్రం పొడిచి తప్పుకుంటుంది. తేనెమైనం పట్టించిన నార దారానికి రెండు కొసలా రెండు సూదులుంటాయి, రెండూ ఒకే రంధ్రంలో ఎదురెదురుగా దూరతాయి. మోకాళ్ల మధ్య చెక్క పట్కారుతో తోలును బిగించుకుని, రెండు చేతులూ బారచాచి దారాన్ని లాగుతాడు పనివాడు. ఎక్కడైనా ఒక పోగు తెగినా రెండో పోగు పట్టి ఉంచుతుంది. కుట్టు మిషను ఇచ్చే ముడికి ఈ గుణం లేదు.

లోపలి అమరిక ఇంకా ఓపిక కోరుతుంది. ప్రతి సీసాకూ, ప్రతి దువ్వెనకూ విడిగా గుంట తీసి మఖమలు అంటిస్తారు. సీసా వేలితో తీయగలిగేంత వదులుగా, బండి కుదుపుకు మోగనంత బిగువుగా ఉండాలి. మూతలో అద్దం, అద్దం వెనక ఉత్తరాల సంచి, అడుగున నగల సొరుగు. లోపలి ఇత్తడి మీటను పైకి లాగితే స్ప్రింగు విడిచి ఆ సొరుగు బయటికి తన్నుకొస్తుంది. ఇలాంటి పెట్టెలకు వయసు చెప్పేది తోలు కాదు. వెండి మూతల మీది హాల్‌మార్క్ అక్షరం ఏ ఏడాదిదో చూసి పెట్టె కాలం తేలుస్తారు. ఆ వెండి కోసమే చాలా పెట్టెలు నాశనమయ్యాయి కూడా: మూతలు కరిగించి, గూడు పారేశారు.

లండన్ పెట్టెల లోపలి తోలులో కొంత తెలుగువారి గడప దాటి వచ్చింది. 19వ శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి ఈస్టిండియా తోళ్లన్న పేరుతో పదునుచేసిన మేక, గొర్రె చర్మాలూ, చిన్నజాతి ఆవుల తోళ్లూ పెద్ద ఎత్తున లండన్‌కు వెళ్లేవి. వాటిని పదునుచేసింది తంగేడు చెక్క, అంటే దాని బెరడు. పొలం గట్లమీదా, బీళ్లలోనూ దానంతటదే మొలిచే ఈ పొదను, తెలంగాణలో బతుకమ్మకు పూలిచ్చే ఈ పొదను, చెక్క కోసం ఒలిచి ఎండబెట్టి తోళ్ల కార్ఖానాలకు అమ్మేవారు. పల్లెలో మాదిగలు లందలో చేసే పని కూడా ఇదే: తోలును సున్నంలో నానబెట్టి బొచ్చు రాల్చి, మాంసం గీకి, చెక్క నీటిలో వారాల తరబడి ఊరవేయడం. కార్ఖానా దాన్ని పెద్ద తొట్లకు మార్చి, కరక్కాయ నీటితో, నూనెతో ముగించింది. కరక్కాయ తోలుకు లేత రంగునిచ్చి, ఎండకు ఎర్రబడకుండా కొంత ఆపేది. సరుకు సగం తయారీగానే ఓడెక్కేది. రంగు, మెరుపు అద్దే పని, దాని లాభం లండన్‌లోని బర్మండ్సీలో మిగిలేవి. లందలో మురుగు నీరు తొక్కినవారిని ఊరు దూరం పెట్టింది. వారు పదునుచేసిన తోలు మీద దొరలూ దొరసానులూ వేళ్లు ఆనించారు.

ఈ తోలుకు ఒక లోపం ఉంది. బొగ్గు పొగతో, గ్యాసు దీపాలతో నిండిన లండన్ గాలిలోని గంధకపు ఆమ్లం దాన్ని తినేసి ఎర్రటి పొడిగా రాల్చేది. పుస్తకాల అట్టల విషయంలో దీని మీద విచారణ జరిగింది. సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ సంఘం 1901లో నివేదిక ఇస్తూ, తంగేడు వంటి చెక్కలతో పదునుచేసిన తూర్పుదేశపు తోళ్లను అట్టలకు పనికిరానివాటిలో చేర్చింది. సుమాక్ అనే మొక్క ఆకు పదును మేలని చెప్పింది. చెప్పులకు, పెట్టె లోపలికి ఈ అభ్యంతరం అంతగా వర్తించలేదు. అవి ఎలాగూ అరిగి మారుతుంటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో 1916 నుంచి మద్రాసు ఆవుతోళ్లు బ్రిటిష్ సైనికుల బూట్ల పైతోలుకు వెళ్లాయి. రెండు యుద్ధాల మధ్య దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క దిగుమతి పెరిగి తంగేడును వెనక్కి నెట్టింది.

అదే కాలంలో పెట్టె కూడా మారింది. 19వ శతాబ్దపు మర్యాదస్థురాలి పెట్టెలో అత్తరు ఉండేది. పెదవి రంగు అక్కడ ఉండటం సిగ్గుచేటు. 1920లలో పౌడరు, లిప్‌స్టిక్ బాహాటంగా వాడుకలోకొచ్చి, మోటారు కారును తానే తోలుకెళ్లే స్త్రీకి చేతికి తగిలించుకునే పెట్టె కావలసి వచ్చింది. గుర్రాలు తగ్గి జీనుల పని పడిపోయిన ఇంగ్లండులోని వాల్సాల్ పట్టణం హ్యాండ్‌బ్యాగుల వైపు, చిన్న తోలు సరుకు వైపు తిరిగింది. నౌకర్లు తగ్గేకొద్దీ పెట్టెలో వెండి తగ్గింది, గాజు సీసాల స్థానంలో ప్లాస్టిక్ చేరింది. విమానంలో సామానును తూకం వేసి ఎక్కించడం మొదలయ్యాక మందపు తోలు, చెక్క గూడు మరీ భారమయ్యాయి. 1941లో సామ్సొనైట్ పేరుతో అమెరికాలో వచ్చిన సూట్‌కేసులకు తోలు అవసరమే లేదు.

1970లో బెర్నార్డ్ సాడో సూట్‌కేసుకు చక్రాలు అమర్చాడు. 1972లో పేటెంటు వచ్చింది. 1987లో పైలట్ రాబర్ట్ ప్లాథ్ పెట్టెను నిలువుగా నిలబెట్టి, పొడవైన పిడి తగిలించాడు. ఇప్పుడు చేతితో కుట్టే తోలు వానిటీ కేసు ప్రధానంగా పురమాయింపు మీద, ఒక్కొక్కటిగా తయారవుతుంది. గూడు పలచన, తోలు పలచన. మూత అంచుల వరకు రెండు సూదుల కుట్టు, అడుగున మాత్రం మిషను కుట్టు వేసే కార్ఖానాలూ ఉన్నాయి.