యూదుల సమాజమందిరం, మన కల్యాణ మండపం



పోయిన నెల కూటంలో కాలేజి చదివే పిల్లవాడొకడు అడిగినాడు: "తాతా, యూదులకు రెండు వేల సంవత్సరాలు సొంత దేశమే లేదంటారు. అయినా వాళ్ళు యూదులుగానే ఎట్ల నిలిచినారు? మనవాళ్ళు ఆంధ్ర సీమ విడిచి వచ్చి నాలుగైదు వందల సంవత్సరాలే. నాకు తెలుగు చదవను రాదు, రాయను రాదు." మంచి ప్రశ్న. కూటంలో జవాబు చెప్పేంత టైము లేకపోయింది, అందుకే ఇక్కడ రాస్తా ఉండాను. కొంచెం పొడుగుగానే ఉంటుంది, ఓపిక పట్టి చదవండి.

ముందు ఒక మాట సంగతి. యూదులు ప్రార్థనకు కూడే ఇంటిని సినగాగ్ అంటారు. అది గ్రీకు మాట, 'కూడిక' అని అర్థం. హీబ్రూ భాషలో 'బేత్ క్నెసెత్', అంటే కూడే ఇల్లు. తమిళ బైబిల్లో దానికి 'జెప ఆలయం' అని రాసినారు. తమిళ బడిలో చదివిన నాకు, క్రైస్తవ స్నేహితుల నోట విని, ఆ మాటే తెలుసు. అందువల్ల అది మన కోవెల మాదిరి దేవుడు కొలువుండే చోటు అనుకుంటా ఉంటిని. తెలుగు బైబిల్లో చూస్తే 'సమాజమందిరము' అని ఉండాది. అసలు అర్థానికి తెలుగు మాటే దగ్గర. అక్కడ విగ్రహం లేదు, బలి లేదు, నైవేద్యం లేదు. జనం కూడతారు, ప్రార్థిస్తారు, గ్రంథం చదువుతారు.

దేవుడి గుడి అనేది వాళ్ళకు ఒక్కటే, యెరూషలేములో ఉండేది. బలులూ పూజారులూ పండగలూ అన్నీ అక్కడే. క్రీ.పూ. 586లో బాబిలోను రాజు దాన్ని కూల్చి జనాన్ని చెరపట్టుకొని పోయినాడు. మళ్ళీ కట్టుకున్నారు. క్రీ.శ. 70లో రోమా సైన్యం రెండో గుడినీ కాల్చేసింది. గుడి పోయింది, బలి పోయింది, పూజారులకు పని లేకపోయింది. ఏ జాతికైనా అంతటితో కథ ముగిసిపోవాల. వాళ్ళకు ముగియలేదు. వాళ్ళ సంప్రదాయంలో ఒక కథ చెప్తారు. ముట్టడి జరుగుతా ఉన్నప్పుడు యోహానాన్ బెన్ జక్కాయి అనే గురువు పట్టణం దాటి వచ్చి రోమా సేనాపతిని చూసి, యవ్నె అనే చిన్న ఊరినీ అక్కడి పండితులనూ నాకు ఇవ్వమని అడిగినాడంట. కోట అడగలేదు, చదువుకునే చోటు అడిగినాడు.

గుడి నిలిచి ఉన్న కాలంలోనే ఊరూరా సమాజమందిరాలు ఉండేటివి. యెరూషలేములో దొరికిన గ్రీకు శాసనం ఒకటి ఉండాది, తెయొదోతు శాసనం అంటారు. మొదటి శతాబ్దం నాటిదని చెప్తారు. ఆయన ఆ మందిరం కట్టింది ధర్మశాస్త్రం చదివేదానికీ, ఆజ్ఞలు నేర్పేదానికీ. దూరదేశాల నుంచి వచ్చేవాళ్ళు దిగేదానికి గదులూ నీళ్ళ వసతీ కూడా పెట్టించినాడు. అంటే బడి, చత్రం, ప్రార్థన ఇల్లు, మూడూ ఒకే కప్పు కింద. పెద్దలు కట్టిన చత్రాలు మన సీమలో చూసినవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు.

దీని కట్టడి చూడండి. ప్రార్థన జరగాలంటే పూజారి అక్కరలేదు. పదిమంది పెద్ద మనుషులుంటే చాలు. ఆ పదిమందికి 'మిన్యాన్' అని పేరు. తోలు మీద చేత్తో రాసిన ధర్మశాస్త్రం చుట్ట ఒకటి కావాల. దాన్ని శనివారంతో పాటు సోమవారం, గురువారం కూడా అందరి ముందర చదువుతారు. ఆ రెండూ పాతకాలంలో సంత రోజులు, పల్లెటూరి జనం పట్నానికి వచ్చే రోజులు. మగపిల్లవాడికి 13 సంవత్సరాలు నిండితే పదిమందిలో ఒకడవుతాడు, లేచి చదవాల. చదవను రాని పిల్లవాడు అందరి ముందర నిలబడేది ఎట్ల? అందుకని అక్షరం నేర్పడం ప్రతి ఇంటికీ తప్పని పనైంది.

బడి సంగతికి ప్రధాన యాజకుడు యెహోషువ బెన్ గమ్లా పేరు చెప్తారు. ప్రతి ఊర్లో ఉపాధ్యాయులను పెట్టి, ఆరేడు సంవత్సరాల పిల్లలను చేర్చే ఏర్పాటు ఆయన చేసినాడని తల్మూదు చెప్తుంది. 25 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు, 40 అయితే ఒక సహాయకుడు, 50 అయితే ఇద్దరు ఉపాధ్యాయులు అని లెక్క కూడా అందులోనే ఉండాది. పెద్దలు చదివే చోటు వేరే. దానికి 'బేత్ మిద్రాష్' అని పేరు, చదువుల ఇల్లు. సమాజమందిరాన్ని చదువుల ఇల్లుగా మార్చవచ్చు, చదువుల ఇంటిని మటుకు సమాజమందిరంగా మార్చగూడదు అని వాళ్ళ ధర్మం. ప్రార్థన కంటే చదువుకు ఒక మెట్టు పైన చోటిచ్చినారు. తూర్పు ఐరోపా యూదులు తమ మందిరాన్ని 'షూల్' అనేవాళ్ళు, వెనిస్ యూదులు 'స్కోలా' అనేవాళ్ళు. రెండు మాటలకూ అర్థం బడి.

బాబిలోనులో సూరా, పుంబెదిత అని రెండు పెద్ద విద్యాపీఠాలు వందల సంవత్సరాలు నడిచినాయి. సేద్యం చేసేవాళ్ళూ వర్తకులూ సంవత్సరానికి రెండు నెలలు పని ఆపి అక్కడికి వచ్చి కూర్చొని చదివేవాళ్ళు. కరిసల్ కాట్లో ఎండాకాలం ఊరికే కూర్చునే మనకు ఈ సంగతి మనసుకు తగలాల.

ఇంగ ముఖ్యమైన సంగతికి వస్తాను. చెదిరిపోయిన యూదులు హీబ్రూ మాట్లాడడం మానేసినారు. ఈజిప్టులో గ్రీకు మాట్లాడినారు, బాగ్దాదులో అరబ్బీ, స్పెయిన్లో స్పానిష్, జర్మనీ వైపు యిద్దిష్. కానీ ఆ అరబ్బీనీ, ఆ స్పానిష్‌నూ, యిద్దిష్‌నూ హీబ్రూ అక్షరాలతోనే రాసినారు. మాట పోయినా అక్షరం పోలేదు. అందుకే ఎలియెజర్ బెన్ యెహూదా 1881లో యెరూషలేము చేరి హీబ్రూను మళ్ళీ ఇంటి భాష చేయాలని పట్టు పట్టినప్పుడు, ఆ పని అయ్యింది. మన సంగతి దీనికి తలకిందులు. మనం నాలుగైదు వందల సంవత్సరాలు మాటను కాపాడుకున్నాం. ఇంట్లో, పొలంలో, పెండ్లిలో, చావులో తెలుగే. పోగొట్టుకున్నది అక్షరాన్ని.

మనకు దగ్గరలో యూదులను చూడాలంటే శెంగోట్టై కనుమ దాటి కొచ్చికి పోవాల. సుమారు క్రీ.శ. 1000లో చేర రాజు భాస్కర రవివర్మ జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు రాగి పట్టయం ఇచ్చినాడు. పల్లకీ, గొడుగు, పగటి దీపం మొదలైన 72 హక్కులు. ఆ పట్టయం వట్టెళుత్తు లిపిలో ఉండాది. మట్టాంచేరిలోని పరదేశి సినగాగ్ 1568లో కట్టినారు. 1760లో దానికి గడియారం గోపురం పెట్టినారు. నేలకు వేసింది చీనా నుంచి వచ్చిన నీలం బొమ్మల పలకలు. పక్కనే రాజుగారి కోవెల. 1968లో నాలుగు వందల సంవత్సరాల పండగకు ఇందిరా గాంధీ వచ్చినారు, తపాలా బిళ్ళ కూడా వేసినారు. కొచ్చి యూదుల ఆడవాళ్ళు మలయాళంలో పెండ్లి పాటలూ పండగ పాటలూ కట్టుకొని నోటుబుక్కుల్లో రాసిపెట్టుకున్నారు. ఆ నోటుబుక్కులు చేత పట్టుకొనే పోయినారు, అందుకే ఈనాటి పండితులు వాటిని చదవగలిగినారు.

1948లో ఇస్రాయేలు ఏర్పడినాక, ముఖ్యంగా 1950లలో, కొచ్చి యూదులు దాదాపు అందరూ తరలిపోయినారు. మట్టాంచేరి కడవుంభాగం సినగాగ్ లోపలి చెక్కపని ఇప్పుడు యెరూషలేము మ్యూజియంలో ఉండాది. పరదేశి సినగాగ్‌లో గోడలు ఉండాయి, గాజు దీపాలు ఉండాయి, టికెట్టు కొని చూసే జనం ఉండారు. ప్రార్థనకు కావలసిన పదిమంది మటుకు ఊర్లో లేరు. కట్టడం ఎంత అందమైనదైనా పదిమంది లేకపోతే అది మ్యూజియమే.

దీనికి ఎదురు సంగతి మన తెలుగు సీమలోనే ఉండాది. గుంటూరు నుంచి పొన్నూరు పోయే దోవలో చేబ్రోలు. దాని దగ్గర కొత్తరెడ్డిపాలెం. అక్కడ సుమారు 40 కుటుంబాలు తమను 'బెనె ఎఫ్రాయీమ్' అంటే ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుంటాయి. మాదిగ కులంలో పుట్టి, తాతల కాలంలో క్రైస్తవంలో చేరిన కుటుంబాలు. శానామంది కూలి పని చేసుకొనేవాళ్ళు. షముయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు దారి చూపినారు. షముయేల్ యెరూషలేములో హీబ్రూ నేర్చుకొని వచ్చినారు. 1990ల మొదట్లో ఊర్లో చిన్న సమాజమందిరం లేచింది. శనివారం పని మానినారు, హీబ్రూ ప్రార్థన నేర్చినారు, పిల్లలకు ఆ అక్షరాలు చెప్పినారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పండితులు వాళ్ళ మీద 2013లో ఒక పుస్తకమే వేసినారు.

వాళ్ళు నిజంగా ఎఫ్రాయిము గోత్రమా అని కొందరు నవ్వుతారు. చరిత్రకారులకు రుజువు దొరకలేదు. మణిపూరు, మిజోరంలోని బ్నె మెనాషె జనాన్ని 2005లో ఇస్రాయేలు ప్రధాన రబ్బీ ఒకరు ఒప్పుకున్నారు. ఆంధ్రా వాళ్ళకు అట్లాటి ఒప్పుదల రాలేదు. నాకు ఆ తగవు పెద్దది కాదు. గుడి గడప తొక్కనియ్యని కులంలో పుట్టినవాళ్ళు, ఎవరి అనుమతీ అడగకుండా, కూలి డబ్బుతో బతుకుతా, కుడి నుంచి ఎడమకు రాసే పరాయి లిపిని పిల్లలకు నేర్పినారు. మందిరం అంటే చదువు అని పట్టుకున్నారు. ఆ ఒక్క సంగతిలో వాళ్ళు యవ్నె గురువుకు వారసులు అని ఎవరైనా ఒప్పుకోవాల.

ఇప్పుడు మన సంగతి. తాయిల్పట్టి చుట్టుపక్కల, సాత్తూరు, శివకాశి, కోవిల్పట్టి వరకు మనవాళ్ళు కట్టని మండపం లేదు. కులదైవం కోవెలకు కుంభాభిషేకం అంటే చందా లక్షల్లో కూడుతుంది. తప్పు చెప్పడం లేదు, నేనూ రసీదు బుక్కు పట్టుకొని తిరిగినవాణ్ణే. కానీ ఆ మండపాల్లో ఒక్క గదికైనా 'ఇక్కడ తెలుగు అక్షరాలు నేర్పబడును' అని బోర్డు చూసినారా? మన కథను మనకు చెప్పినవాడు ఇడైసేవల్ కి. రాజనారాయణన్. తెలుగువాళ్ళు వలస వచ్చిన కథను 'గోపల్ల గ్రామం'గా రాసినారు, దాని తరువాతి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమానం వచ్చింది. గొప్ప రచన, రాసింది తమిళంలో. తమిళం మనకు అన్నం పెట్టిన భాష, దాని మీద నాకు ఒక్క ఫిర్యాదు లేదు. అయినా మన కథ మన అక్షరంలో చదువుకునే భాగ్యం మనకు లేకపోయింది.

మా అవ్వ పాడిన నలుగు పాటలు, లాలి పాటలు మా చిన్నమ్మ ఒక నోటుబుక్కులో రాసిపెట్టింది. తెలుగు పాటలు, తమిళ అక్షరాలు. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం. ప, బ లకు ఒకటే. త, ద లకు ఒకటే. ఒక చోట రాసింది 'పాట'నా 'బాట'నా నాకు తెలియడం లేదు. ఇంకొక చోట 'కంప'నా 'గంప'నా తెలియదు. రెండు విధాలా అర్థం కుదురుతుంది. చెప్పేదానికి అవ్వా లేదు, చిన్నమ్మా లేదు. కొచ్చి ఆడవాళ్ళు అరవై, డెబ్బై సంవత్సరాల కిందట మూట కట్టుకొని పోయిన పాటలను ఈనాడు చదవగలుగుతున్నారు. మా ఇంట్లోనే, బీరువాలోనే ఉన్న పాట నాకు సగం మూగది.

నేను తెలుగు అక్షరాలు నేర్చింది ఉద్యోగంలో చేరినాక. గూడూరు, నెల్లూరు వైపు డ్యూటీ మీద పోయినప్పుడు స్టేషన్ బోర్డుల్లో ఇంగ్లీషు పేరునూ తెలుగు పేరునూ పక్కపక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. తరువాత వారపత్రికలు. ఇరవై దాటిన గుమాస్తాకు వచ్చింది పదేళ్ళ పిల్లలకు రాదా? మాట ముందే నోట్లో ఉండాది. 56 అక్షరాలూ గుణింతాలూ ఎక్కాల, అంతే.

అందుకని సంఘానికి నా విన్నపం ఇది. ఆదివారం పెండ్లి లేని మండపంలో ఒక గది. వారానికి రెండు గంటలు. పదిమంది పిల్లలు చాలు. ఆడపిల్లలనూ కలిపే చెప్తున్నాను. చెప్పేదానికి నేను వస్తాను, జీతం వద్దు. పలకలూ బోర్డూ మటుకు కావాల. ఒక కుంభాభిషేకం చందాలో నూరో భాగం కూడా కాదు.

ఇంకొకటి, దీనికి మండపమూ అక్కరలేదు, తీర్మానమూ అక్కరలేదు. మీ ఇంట్లో తమిళ అక్షరాల్లో రాసిన తెలుగు పాటల నోటుబుక్కులు ఉంటే పాత పేపర్లతో వేయకండి. ఆ పాట తెలిసిన అవ్వ ఇంకా ఇంట్లో ఉంటే, ఈ వారమే పక్కన కూర్చొని పాడించి సెల్‌ఫోన్‌లో పట్టి పెట్టండి. అది పాటనా బాటనా అని ఆమెను అడిగి రాసుకోండి.