కవిలెకట్టలో పుట్టి నోటిలో పెరిగిన లెక్క

తెలుగులో లెక్క అంటే గణన. బడిలో మాస్టారు చెప్పే గణితం కూడా లెక్కలే. దుకాణంలో రాసే జమాఖర్చులూ, ఒకరిపట్ల మరొకరు చూపే ఖాతరూ అదే మాటతో నడుస్తాయి. కడప పల్లెల్లో లెక్క అంటే డబ్బు. తెలంగాణలో ‘వలె’ అనాల్సిన చోట కూడా లెక్క అనే అంటారు. రెండక్షరాల మాటకు ఇన్ని పనులు ఒక్కసారిగా రాలేదు. ఊరి రికార్డులూ పన్నులూ బేరసారాలూ నడిచిన దారిలోనే ఆ అర్థాలూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

ఈ మాట మూలం లెక్కించడంలో లేదు, రాయడంలో ఉంది. సంస్కృతంలో లేఖ్యం అంటే రాసినది, రాయదగినది. అది ప్రాకృతంలో లేక్ఖ అయి, తెలుగులోనూ కన్నడంలోనూ లెక్కగా స్థిరపడింది. హిందీలోని లేఖా కూడా ఆ కుటుంబంలోదే. తెలుగుకు సొంతంగా ఉన్న మాట ఎన్ను. ఎన్నదగిన, ఎంచు లాంటివి దాని సంతానమే. తమిళంలో ఎణ్ అంటే అంకె, అదే ధాతువుకు తలపోయడం అనే అర్థమూ ఉంది. తెలుగులోనూ చుక్కలను ఎంచవచ్చు, తప్పులను ఎంచవచ్చు, ఒకరిని గొప్పవాడిగా ఎంచవచ్చు. ఎన్నడం మనసులో జరిగే పని, లెక్క ఆకు మీదకో కాగితం మీదకో ఎక్కే పని. ఈ తేడా నేటికీ పూర్తిగా చెరిగిపోలేదు. ఎన్నికల్లో జనం తమకు నచ్చినవారిని ఎన్నుకుంటారు, తర్వాత అధికారులు ఓట్లు లెక్కిస్తారు.

ఆ రాతపని పల్లెలో కరణానిది. ఏ పొలం ఎవరిది, ఎంత విస్తీర్ణం, ఏ పంట వేశారు, శిస్తు ఎంత, బాకీ ఎంత అన్నవి అతని రికార్డుల్లో ఉండేవి. తాటాకుల మీద రాసి కట్టగా కట్టిన ఆ రికార్డులే కవిలెలు. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల్లో కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో రైతువారీ పద్ధతిని అమలు చేశాక, సర్కారుకు ప్రతి రైతుతోనూ విడివిడిగా లెక్క పడింది. దాంతో ఊరి పద్దుల బరువు ఇంకా పెరిగింది. జూలై 1న మొదలయ్యే ఫసలీ సంవత్సరం, ఏటేటా జమాబందీలో ఊరి లెక్కల తనిఖీ, పొలం, పంటల వివరాలు రాసే రికార్డుకు ఆంధ్రలో అడంగల్, తెలంగాణలో పహాణీ అనే పేర్లు రైతుల నోళ్లలో నలిగిన మాటలయ్యాయి. ‘లెక్క చూడు’, ‘లెక్క తేల్చు’, ‘లెక్క అప్పజెప్పు’ అనే పలుకుబడులకు ఇలాంటి కొలువులే సహజమైన చోటు. కరణం, పట్వారీ ఉద్యోగాలను 1984లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సుతో రద్దు చేసింది. పలుకుబడులు మాత్రం నిలిచాయి.

కవిలెలు శిస్తు వసూలుకే పనికొచ్చాయనుకుంటే పొరపాటు. సర్వేయరు కాలిన్ మెకంజీ (1754–1821) తన సహాయకులతో ఊరూరా సేకరింపజేసిన కైఫీయతుల్లో, అంటే ఊళ్ల చరిత్రల్లో, చాలావాటికి ఆధారం దండకవిలెలు అనే ఊరి పద్దులే. ఏ రాజు ఏ గుడికి ఎంత మాన్యం ఇచ్చాడో, ఏ చెరువు ఎవరు తవ్వించారో ఆ పద్దుల్లో ఉండేది. పన్ను కోసం రాసిన లెక్క ఊరి చరిత్రకు సాక్ష్యమైంది. తెలుగువారి స్థానిక చరిత్రలో ఇంత విలువైన వనరులు ఎక్కువ లేవు.

ఆ పద్దుల్లో అంకెలు రాసిన తీరు ఇంకా ఆసక్తికరం. పూర్ణసంఖ్యలు పదుల లెక్కన పెరుగుతాయి. ఒకటికి లోపలి భాగాలు మాత్రం నాలుగేసి వంతులుగా చీలుతాయి. ఒకటిలో నాలుగో వంతు కాలు, కాలులో నాలుగో వంతు వీసం, వీసంలో నాలుగో వంతు కాణి. అంటే వీసం పదహారో వంతు, కాణి అరవై నాలుగో వంతు. వీటికోసం ప్రత్యేకమైన గీతలు ఉండేవి. కాలు స్థానంలో నిలువు గీతలు, వీసం స్థానంలో అడ్డగీతలు, మళ్లీ కాణి స్థానంలో నిలువు గీతలు. నిలువు గీతల స్థానం ఖాళీగా ఉంటే రాసే సున్నకు హళ్లి అని పేరు. ‘హళ్లికి హళ్లి, సున్నకు సున్న’ అనే నానుడిలో ఆ పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. పాత రూపాయి ఈ లెక్కకు అతికినట్టు సరిపోయేది. పదహారు అణాల రూపాయిలో అణా ఒక వీసం, అరవై నాలుగు పైసల్లో ఒక పైసా ఒక కాణి. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు రావడంతో బజారులో ఈ భిన్నాల అవసరం తీరింది. ‘చిల్లికాణీ లేదు’ అనేవారికి కాణి ఎంతో తెలియకపోవచ్చు. ఆ గీతలు 2008లో యూనికోడ్‌లో చేరి, కంప్యూటర్‌లో రాసుకునే వీలు కలిగింది. ఈ పద్ధతిని కనీసం ఒక్క పాఠంగానైనా బడిపిల్లలకు పరిచయం చేయాలి.

శాస్త్రంగా గణితం తెలుగులోకి వచ్చింది పావులూరి మల్లన చేతుల మీదుగా. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని ఆయన పద్యాల్లో తెలుగు చేశాడు. పుస్తకం పేరులో నిలిచింది గణితం. బడిలో, ఇంట్లో, అంగట్లో వాడుకలో నిలిచింది లెక్కలు. ఈనాటికీ పాఠ్యపుస్తకం అట్ట మీద గణితం అని ఉంటుంది, పిల్లలు భయపడేది లెక్కల పరీక్షకు.

వాడుకలో ఈ మాట అందం ‘లేదు’తో కలిసినప్పుడు బాగా తెలుస్తుంది. ‘లెక్కలేనన్ని’ అంటే అపారమైన సమృద్ధి. ‘లెక్కలేనితనం’ అంటే నిర్లక్ష్యం. ‘వాడికి మనమంటే లెక్కలేదు’ అంటే ఖాతరు లేదని. ఎండనూ వాననూ లెక్కచేయకుండా పనిచేయడం మెచ్చుకోదగ్గ గుణం, పెద్దల మాటను లెక్కచేయకపోవడం తప్పు. రెండింటిలోనూ ఉన్నది ఒకే ఊహ. పద్దులో ఎక్కించదగినంత విలువ దేనికి ఇస్తున్నాం, దేనికి ఇవ్వడం లేదు అన్నదే ఆ ఊహ. ‘లెక్కలోకి రాదు’ అన్నప్పుడూ అంతే. నిజం కాని అంకెలకు ‘కాకి లెక్కలు’, రాతకోతలు లేని ఖర్చుకు ‘లెక్కాపత్రం లేదు’ అనడం ఇదే దారిలోవి. కడప ప్రాంతంలో ‘లెక్క ల్యాదు’ అంటే జేబులో డబ్బు లేదని. పద్దులో రాసుకునేదే పద్దు పేరు తెచ్చుకుంది.

సర్కారు పనుల్లో ఈ మాటకు అన్నిటికంటే పెద్ద చోటు జనాభా లెక్కలు. భారతదేశంలో మొదటి జనాభా లెక్కలు 1872లో, దేశమంతా ఒకేసారి జరిగినవి 1881లో. 2011 లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8.11 కోట్లు, హిందీ, బెంగాలీ, మరాఠీల తర్వాత నాలుగో స్థానం.

‘లెక్కన’ అనే రూపం ధరకూ కూలికీ కొలత చెబుతుంది. కూలీకి రోజుకు ఇంత లెక్కన, చింతపండు కిలోకు ఇంత లెక్కన. ‘ఈ లెక్కన’ అంటే ఇప్పటిదాకా జరిగినదాన్ని బట్టి చూస్తే అని. కొలతనుంచి పోలికకు ఒక్క అడుగే దూరం. తెలంగాణ పలుకులో ఆ అడుగు పడింది. ‘చిన్నపిల్లగాని లెక్క ఏడుస్తున్నడు’, ‘మా నాయన లెక్కనే నడుస్తడు’ అన్నప్పుడు అంకెలూ పద్దులూ ఏవీ లేవు. లాగా, వలె చేసే పనినే లెక్క చేస్తోంది. ప్రామాణిక రచనలో ఈ ప్రయోగాన్ని చాలాకాలం పక్కన పెట్టారు. అది అన్యాయం. తెలంగాణ కథలూ నవలలూ, ఇటీవలి సినిమాలూ దాన్ని ధీమాగా వాడుతున్నాయి.